భాష లేని వియ్యము: ‘టూ స్టేట్స్’ నవలపై ఒక విమర్శ

మన ఇండ్లలో పెండ్లిమాట వచ్చినప్పుడు మొదట అడుగు ప్రశ్న “వారిది ఏ ఊరు?” అనునది. రెండవది “ఇంటిలో ఏమి మాట్లాడుదురు?” అనునది. ఆంధ్రదేశమున నున్నవారికి ఈ రెండవ ప్రశ్న తోచదు. హోసూరులోను, మదురలోను, బళ్లారిలోను, బరంపురములోను, షోలాపురములోను తరతరములుగా కాపురమున్న మనకు అది తప్పని ప్రశ్న. సంబంధము తెలుగువారిదే అయినను, కోడలి చదువు కన్నడమున సాగియుండవచ్చును. అల్లునికి అరవము వచ్చినంత చక్కగా తెలుగు రాకపోవచ్చును. ఇక పరభాషా కుటుంబముతో వియ్యమందుట నేడు మన సంఘములలో అరుదైన సంగతి కాదు. అట్టి వియ్యమునే కథావస్తువుగా గైకొన్న నవల యొకటి వెలువడి, దేశమంతట యువతీయువకులు దానిని విరివిగా చదివినారన్నచో, మనము ఆశతో ఆ పుస్తకమును చేతబట్టుట సహజము. మేమును అట్లే పట్టితిమి. ఆ ఆశ ఎంతవరకు తీరినదో, ఎచ్చట తీరలేదో చెప్పుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

‘టూ స్టేట్స్’ అను ఈ ఇంగ్లీషు నవల 2009లో వెలువడినది. రచయిత చేతన్ భగత్ ఢిల్లీకి చెందిన పంజాబీ. ఢిల్లీ ఐ.ఐ.టి.లోను, అహమదాబాదు ఐ.ఐ.ఎం.లోను చదివి, కొంతకాలము బ్యాంకు ఉద్యోగము చేసినవాడు. 2004లో వచ్చిన ‘ఫైవ్ పాయింట్ సమ్‌వన్’ అను తొలి నవలతోనే ఆయనకు పేరు వచ్చినది. తమిళ కుటుంబపు కన్యను వివాహమాడిన ఆయన, తన అనుభవమును ఆధారము చేసికొని ఈ కథను అల్లెను. తన వివాహకథ యని పుస్తకపు పేరులోనే సూచించెను. 2014లో ఇది హిందీ చలనచిత్రముగ కూడ వచ్చినది.

కథ క్లుప్తముగా ఇది. పంజాబీ యువకుడు క్రిష్, తమిళ బ్రాహ్మణ యువతి అనన్య అహమదాబాదు విద్యాలయపు భోజనశాలలో కలిసికొందురు, కలిసి చదువుకొందురు, ప్రేమింతురు. పట్టప్రదానోత్సవమునకు వచ్చిన ఇరువైపుల పెద్దలు ఒకరినొకరు చూచి ముఖము త్రిప్పుకొందురు. ఇల్లు విడిచిపోయి పెండ్లాడక, పెద్దలను ఒప్పించియే పెండ్లాడవలెనని ప్రేమికుల పట్టుదల. క్రిష్ బ్యాంకు ఉద్యోగముతో చెన్నపట్టణము చేరి, అనన్య ఇంటిలో ఒక్కొక్కరి మనస్సు గెలువజూచును. తమ్ముడు మంజుకు ప్రవేశపరీక్ష పాఠములు చెప్పును. తండ్రి స్వామినాథన్‌కు ఆఫీసులో చూపవలసిన నివేదికను కంప్యూటరుపై సిద్ధము చేసిపెట్టును. సంగీతము నేర్చిన తల్లి రాధకు తన బ్యాంకు ఏర్పాటు చేసిన కచేరిలో పాడు అవకాశము కల్పించును. తరువాత అనన్య ఢిల్లీకి పోవును. అచ్చట క్రిష్ బంధువుల ఇంటి పెండ్లిలో మగపెండ్లివారు ఇంకను పెద్ద కారు కావలెనని పేచీ పెట్టగా, ఆమె నలుగురిలో నిలిచి మాటాడి ఆ పెండ్లిని నిలుపును. అయినను గోవాలో ఇరుకుటుంబముల కూడిక చెడిపోవును. చివరకు, కొడుకుతో చిరకాలముగా పొత్తు లేని క్రిష్ తండ్రి ఎవరికిని చెప్పక చెన్నపట్టణమునకు పోయి అనన్య తలిదండ్రులను ఒప్పించును. పెండ్లి జరుగును, కవలలు పుట్టుదురు, కథ ముగియును.

గుణమును ముందు చెప్పుట విమర్శకు మర్యాద. ఈ నవలలో మెచ్చదగినవి మూడు కలవు. మొదటిది, పెద్దల అంగీకారమును ప్రేమకు అడ్డుగోడగా గాక, ప్రేమ చేయవలసిన పనులలో ఒకటిగా రచయిత తలచుట. ఇద్దరు మెచ్చుకొన్నంత మాత్రమున మన దేశమున పెండ్లి కాదు, రెండిండ్లు మెచ్చవలెను. ఈ సత్యమును ఆయన ఎగతాళి చేయలేదు. రెండవది, కట్నపు ఘట్టము. పెండ్లిపందిరిలో కారు బేరమాడు పెద్దలయెదుట ఒక పరాయి ఇంటి పిల్ల నోరు విప్పుట కథకు బలము తెచ్చినది. మూడవది, తండ్రీకొడుకుల వైరము. తండ్రి క్రూరత్వము, తల్లి ఒంటరితనము, కొడుకు మనస్సులో పేరుకొన్న కసి: ఇవి వచ్చినప్పుడు రచయిత స్వరము మారును. హాస్యము తగ్గును, వాక్యము నిజమును పలుకును. ఆ తండ్రియే కడపట కథను ఒడ్డు చేర్చుటలో నేర్పు కలదు. ఈ నవల మొత్తము ఆ స్వరముననే నడచియున్నచో మేమీ వ్యాసము వ్రాయవలసిన పని లేకుండెడిది.

ఇక మా ఆశాభంగమును చెప్పెదము. కథ పేరు రెండు రాష్ట్రములు. మన దేశమున దక్షిణాది రాష్ట్రముల ఎల్లలను కొండలను బట్టియు నదులను బట్టియు గీయలేదు. ప్రధానముగ భాషను బట్టి గీసిరి. ఈ కథలో పెద్దభాగము నడచు చెన్నపట్టణముననే, మైలాపూరులోని బులుసు సాంబమూర్తిగారి ఇంట, 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష పూనిన పొట్టి శ్రీరాములుగారు 58 దినముల పిమ్మట, డిసెంబరు 15న, ప్రాణములు విడిచిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో రాష్ట్రముల పునర్విభజన ఆ వెనుక వచ్చినవి. గీత గీసినప్పుడు ఆవల నిలిచిపోయిన వారము మనము. బరంపురమువారు 1936లోనే ఒరిస్సాలో చేరిరి. బళ్లారివారు 1953లో మైసూరులో చేరిరి. కావున రాష్ట్రమనగా భాషయని ఎరిగిన మనబోటి చదువరి ఈ పేరుగల నవలలో ముందుగా భాషను వెదకును. దొరకునది భోజనము.

పంజాబు అనగా పనీరు, వెన్న, పెద్ద గొంతుక, కట్నము. తమిళనాడు అనగా ఇడ్లీ, పెరుగన్నము, ఉదయపు వార్తాపత్రిక, మౌనము. ఈ గుర్తులన్నియు అబద్ధములని మేము చెప్పము. కాని గుర్తులు మనుష్యులు కారు. స్వామినాథన్ తన భార్యతో ఏకాంతమున ఎట్లు మాటాడును? కూతురు ఢిల్లీవానిని పెండ్లాడునని తెలిసిన రాత్రి రాధ తన తల్లిభాషలో ఏమనుకొనియుండును? మాతృభాషలో వచ్చు కోపమునకును, మర్యాదకొరకు ఇంగ్లీషులో చెప్పు కోపమునకును భేదము కలదు. పరభాషలో కాపురము చేయు మన ఇండ్లలో ఆ భేదము ఎరుగనివారు లేరు. నవలలో ఇరువైపులవారును ఒకే ఇంగ్లీషున పోట్లాడుకొందురు. క్రిష్ నెలల తరబడి చెన్నపట్టణమున నివసించును. అత్తవారింటిని గెలుచుటకు పాఠము, నివేదిక, కచేరి అను మూడు ఉపాయములు పన్నును. వారి భాషను నేర్చుకొనుట ఆ ఉపాయములలో చేరదు. మన యెడల ఆలోచింపుడు: పరభాషా గృహమున అడుగిడిన కోడలు మొదటి వారముననే “నీళ్లు”, “చాలు”, “రండి” అను మాటలు నేర్చుకొనును. అవి నోట వచ్చినప్పుడు అత్తగారు నవ్వును. ఆ నవ్వుతో వియ్యము సగము కుదురును. ఈ చిన్న సంగతి మన వంటిండ్లకు తెలిసినది. ఈ నవలకు తెలియలేదు.

రాధ సంగీతమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఆమె కర్ణాటక సంగీతము అభ్యసించిన ఇల్లాలు. ఆమె పాటయే ఆమె గౌరవము, ఆమె తీరని కోరిక. రచయిత చేతికి దొరికిన మేలైన పాత్ర ఇది. కర్ణాటక సంగీతము పాడు తమిళ గృహమున ఏ భాష వినిపించును? తిరువారూరులో పుట్టి, తిరువైయారులో జీవించిన త్యాగరాజస్వామి (1767–1847) కృతులలో అత్యధికము తెలుగువి. శ్యామశాస్త్రిగారి కృతులలో పెక్కు తెలుగువి. క్షేత్రయ్య పదములు తెలుగువి. తెలుగులో ఒక వాక్యము కూర్చి మాటాడలేని తమిళ గృహిణి, తెల్లవారుజామున తంబురా శ్రుతిలో తెలుగున రాముని పిలుచుట తంజావూరు సీమలో శతాబ్దముల ఆచారము. ఇందులో చిక్కు కూడ లేకపోలేదు. కచేరీలలో తమ భాషకు తగిన చోటు లేదని తమిళులు 1940 దశకమున తమిళ ఇసై ఉద్యమము నడపిరి. వారి బాధ న్యాయమైనదే. ఈ చేరువయు, ఈ రాపిడియు రెండును ఆ ఇంటి తంబురాలోనే యున్నవి. అనగా, క్రిష్ తలుపు తట్టకమునుపే అనన్య ఇంటిలో రెండు భాషలు కాపురమున్నవి! ఆ ఇంటిని మూసిన పెట్టెగా, క్రిష్‌ను దానిని తెరచు మొదటి తాళపుచెవిగా రచయిత చిత్రించినాడు. నిజమున ఆ తలుపు ఎప్పటినుండియో తెరచియే యున్నది. రాధ ఏమి పాడుచున్నదని క్రిష్ ఒక్కసారి శ్రద్ధతో అడిగియున్నచో, పంజాబీ యువకునికి దక్షిణదేశపు చరిత్ర సగము ఆమె నోట తెలిసియుండెడిది. నవలకు కావలసిన లోతు వచ్చియుండెడిది. కాని కచేరి ఇచ్చట ఒక బహుమతి. బహుమతి ఇచ్చి తల్లి మనస్సు కొనుట ముగిసినది. పాట సంగతి ముగియలేదు, మొదలే కాలేదు.

“ఇది హాస్యనవల, పరిహాసమును పరిహాసముగా గ్రహింపవలెను” అని కొందరందురు. ఈ వాదమును మేము తోసిపుచ్చము. మన సాహిత్యమున హాస్యమునకు కన్యాశుల్కమును మించిన నిదర్శనము లేదు. గురజాడ అప్పారావుగారు 1897లో ప్రకటించిన ఆ నాటకమున అగ్రహారీకుని, వకీలును, సంస్కర్తను, పోలీసును, అందరిని నవ్వులపాలు చేసిరి. కాని ప్రతి పాత్ర నోటిమాటను ఆయన చెవియొగ్గి విన్నారు. వినినవానికే నవ్వించు అధికారము కలుగును. ఈ నవలలో కథకుడు చెన్నపట్టణమున దిగగానే తమిళ అక్షరముల ఫలకములను చూచి, కన్నులను మోసగించు బొమ్మల పొడుపులవలె నున్నవని వేళాకోళమాడును. పరలిపిని నేర్చుకొని పొట్టపోసికొను మన పిల్లలకు ఈ నవ్వు రుచింపదు. బరంపురమున ఒడియా అక్షరములు దిద్దిన మన బిడ్డకు గాని, ధర్మపురిలో తమిళ అక్షరములు దిద్దిన మన బిడ్డకు గాని, తెలియని లిపి తలనొప్పి కాదు, తెరువవలసిన తలుపు. మేనిచాయను గూర్చిన పరిహాసములును ఇట్టివే. దక్షిణాది పిల్లలు తెల్లని పంజాబీ యువకులను వలలో వేసికొందురని క్రిష్ తల్లి అనుట పాత్రస్వభావము. దానిని తప్పు పట్టము. కాని చాయయే మేలునకు కొలత యను భావము తల్లి నోటినుండి జారి, కథకుని నోటను నిలిచినప్పుడు, అది పాత్ర దోషముగా మిగులదు.

ప్రేమకథగా చూచినను కొఱత కలదు. ప్రేమ ఈ పుస్తకమున తొలి అధ్యాయములలోనే పూర్తి యగును. తరువాతిది కార్యనిర్వహణము. తమ్ముడు, తండ్రి, తల్లి వరుసగా మూడు ప్రశ్నపత్రములు. క్రిష్ ఒక్కొక్క దానిని చక్కబెట్టి ఉత్తీర్ణుడగును. పోటీపరీక్షలు దాటి వచ్చిన కథానాయకుడు అత్తవారింటిని కూడ మరియొక పోటీపరీక్షగా భావించుట వింత కాదు. రచయితయు అట్లే భావించుట విచారకరము. ఉపకారమునకు ప్రత్యుపకారముగా ఇచ్చు కన్యను ప్రేమతో ఇచ్చినట్లని ఎట్లు చెప్పగలము? అనన్య సంగతి మరింత చిన్నబోయినది. ఆమె తెలివిగలది, చదువరి, ధైర్యవతి యని రచయిత చెప్పును. ఆమెకు చెన్నపట్టణముననే పెద్ద సంస్థలో ఉద్యోగము. కాని ఆ ఉద్యోగమున ఆమె పడు శ్రమ గాని, తన ఇంటి ఆచారమునకును తన ఇష్టమునకును నడుమ ఆమె లోలోపల పడు ఘర్షణ గాని మనకు కానరావు. ఆమె అందము మాత్రము మొదటి పుటలనుండియు కనబడుచుండును. కథ యంతయు క్రిష్ చెప్పుచున్నాడు గనుక ఇట్లయినదని సమర్థింపవచ్చును. ప్రేమించినవాడే ఆమె మనస్సును చూడనిచో ఇక ఎవరు చూతురు?

ఇట్టి కథను వేరువిధముగా చెప్పవచ్చునని చూపుటకు దూరము పోనక్కరలేదు. తమిళుడైన కె. బాలచందర్ 1978లో ‘మరో చరిత్ర’ అను తెలుగు చిత్రమును తీసెను. విశాఖపట్టణమున పొరుగిండ్లలోనున్న తమిళ యువకుడు బాలు, తెలుగు యువతి స్వప్న అందు ప్రేమికులు. ఆ చిత్రము తెలుగుననే మద్రాసు నగరమున చిరకాలము ఆడినది. భాష తెలియని ప్రేక్షకులును భాష అడ్డుపడిన ప్రేమను చూచుటకు వచ్చిరి. దానినే ఆయన 1981లో ‘ఏక్ దూజే కే లియే’ అను పేర హిందీలో తీయగా, అందు తమిళ నాయకుడు ఎడబాటు కాలమున హిందీ నేర్చుకొనును. ఆ నాయకునికి పాటలు పాడి జాతీయ పురస్కారమందినవాడు, నెల్లూరు సీమలో పుట్టి మద్రాసులో స్థిరపడిన మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము. ఆ చిత్రముల విషాదాంతము మాకు సమ్మతమని కాదు. పెద్దలను ఒప్పించి బ్రతికిన భగత్ ప్రేమికులే మాకు ఇష్టులు. కాని ప్రియురాలి మాటను నేర్చుకొనుట ప్రేమలో భాగమని ఆ దర్శకుడు ఎరిగెను. ముప్పదియేండ్ల తరువాత వచ్చిన నవల ఆ ఎరుకను పోగొట్టుకొనుట వెనుకడుగు కాదా?

ముగింపునుగూర్చి ఒక మాట. పుట్టిన కవలలు ఏ రాష్ట్రమువారను ప్రశ్నకు, వారు భారతదేశమను రాష్ట్రమువారని క్రిష్ సమాధానమిచ్చును. వినుటకు ఉదాత్తముగ నున్నది. సభలో చెప్పినచో చప్పట్లు మ్రోగును. కాని ఇంటిలో ఆ సమాధానము చాలదు. ఆ పిల్లలు చెన్నపట్టణపు అమ్మమ్మను ఏమని పిలుతురు? ఢిల్లీ నాయనమ్మ కథ చెప్పినప్పుడు ఏ భాషలో ఊకొట్టుదురు? అమ్మమ్మ పాట వారికి అర్థమగునా? భారతదేశము మన అందరి దేశమే. దానిని ప్రేమించుటకు ఒక మాట విడువవలెనను నియమము లేదు. మన కుటుంబములు ఈ ప్రశ్నను ఎదుర్కొని కొన్ని తరములైనది. చాల ఇండ్లలో ముందు లిపి పోవును. తరువాత కథలు, సామెతలు పోవును. చివరకు అత్త, మామ, వదిన, మరది అను వరుసపిలుపులు మాత్రము మిగులును. ఒక తరము ఏమరినచో అవియును పోవును. ఇది ఎవరో వచ్చి లాగికొనునది కాదు. ఏ ప్రశ్న వేయక హాయిగా సాగిపోవు కాపురములలోనే ఇది జరుగును. రచయిత ఎచ్చట కథ ముగిసినదని లేచిపోయెనో, అచ్చట మన కథ మొదలగుచున్నది. అందువలననే ఈ నవలను తేలికగా మూసి పక్కన పెట్టలేకపోతిమి.

పరభాషల నడుమ బ్రతుకును వ్రాసిన నవలలు లేకపోలేదు. కోవిల్పట్టి చెంత ఇడైసెవల్ గ్రామమున తెలుగు మాటాడు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామము’ అను నవలను తమిళమున వ్రాసెను. తెలుగు సీమనుండి తరలిపోయిన కుటుంబములు తమిళ కరిసల్ భూమిలో అడవి కొట్టి ఊరు కట్టుకొన్న కథ అది. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినది. అందు ఎవరును తమ భాషను గూర్చి ఉపన్యసింపరు. ముదుసలి అవ్వ చెప్పుచుండును, చుట్టుచేరినవారు వినుచుందురు. తెలుగు బ్రతుకు తమిళ వాక్యమున ఒదిగి కూర్చుండును. అది ప్రేమకథ కాదు గనుక ఈ నవలతో తూచుట న్యాయము కాదు. కాని మరియొక భాషవారి ఇంటిలోనికి చదువరిని తీసికొనిపోవు విధమును దానినుండి నేర్చుకొనవచ్చును: తొందరపడక, వంటయింటి వాసనతో ఆగిపోక, మాట వినబడు దూరమున కూర్చుండుట.

మన యువతీయువకులు ‘టూ స్టేట్స్’ చదువరాదని మేము చెప్పము, తప్పక చదువవలెను. చదివిన పిదప తమ ఇంటిని ఒకమారు పరికింపవలెను. పరభాషలో సంబంధము కుదుర్చుకొన్నవారు తమ అత్తవారి భాషలో ఎన్ని మాటలు నేర్చిరో, తమ భాషలో వారికి ఎన్ని నేర్పిరో లెక్క వేసికొనవలెను. పెద్దలును పెండ్లిచూపులలో “ఇంటిలో ఏమి మాట్లాడుదురు?” అను ప్రశ్నను అభ్యంతరముగ గాక ఆసక్తితో అడుగ నేర్వవలెను. ఇట్టి పెండ్లిండ్లు చూచినవారు, చేసినవారు, చేసికొన్నవారు మన సంఘములలో పలువురున్నారు. కావేరి ఒడ్డున, తుంగభద్ర ఒడ్డున, యానాములో గోదావరి పాయ ఒడ్డున జరిగిన ఆ కాపురముల కథలను వారిలో ఎవరైనను, తెలుగున గాని, తాము చదివిన కన్నడమున గాని, తమిళమున గాని, వ్రాయ పూనుకొనవలెనని మా కోరిక. ఈ నవలలో మాకు దొరకనిది వారి యొద్ద కలదు.